ఎండుగడ్డి మీద దున్నదూడ ఎందుకు చిక్కిపోతుంది

మొక్కజొన్న కోసం మా దుకాణానికి వచ్చేవారిని నేను ముందుగా అడిగేది పేడ గురించి. హైదరాబాద్ అత్తాపూర్‌లో పశువుల దాణా అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచీ నాకు ఇదే అలవాటు. శివరాత్రి దాటిందంటే చాలు, మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ వైపుల నుంచి మాంసం కోసం దున్నదూడలను పెంచేవారు ఒకరి వెంట ఒకరు వస్తారు. ఎవరిని కదిపినా ఒకటే మాట. "అన్నా, పొద్దంతా బీళ్లలో మేస్తున్నాయి. అయినా పక్కటెముకలు బయటికొస్తున్నాయి. రెండు బస్తాల మొక్కజొన్న పెడితే కోలుకుంటాయంటున్నారు."

"మొక్కజొన్న సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, పేడ ఎలా వేస్తున్నాయో చెప్పు" అంటాను.

వానాకాలంలో పచ్చిగడ్డి మేసిన దూడ వేసే పేడ పలచగా నేల మీద పరుచుకుంటుంది. మాఘం వెళ్లాక అదే దూడ పేడ గట్టిపడి, మడత మీద మడతగా పేరుకుని కుప్పలా నిలబడుతుంది. పుల్లతో విడదీసి చూడండి. లోపల గడ్డి పోచలు పోచలుగానే ఉంటాయి, పట్టుకుని లాగితే నారలా వస్తాయి. అంటే మేసిన గడ్డి సగం అరగకుండానే బయటికి వచ్చేసింది. ఆ పేడ చూశాక దూడకు తక్కువైంది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

గేదె జాతి పశువు తిన్న పీచును తనంతట తాను అరిగించుకోలేదు. మొదటి పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. ఆ పొట్టలోని రసం ఒక్క మిల్లీలీటరు తీస్తే వెయ్యి కోట్ల వరకు బ్యాక్టీరియా ఉంటుంది. పీచును విరగ్గొట్టేది అవే. ఆ తర్వాత రసంతో పాటు ముందుకు సాగి, పేగుల్లో అరిగి, పశువుకు మాంసకృత్తులు అయ్యేవీ అవే. వాటి సంతతి పెరగాలంటే నత్రజని కావాలి, మేతలోని మాంసకృత్తుల నుంచే అది వాటికి అందుతుంది. మేతలో మాంసకృత్తులు ఎండు బరువులో సుమారు 7 శాతం కంటే తగ్గితే ఆ నత్రజని చాలదు. మన ప్రాంతపు గడ్డి తొలకరికి జోరుగా లేచి, అంతే జోరుగా ముదురుతుంది. విత్తనం రాలిపోయి కాడ మాత్రమే మిగిలేసరికి మాంసకృత్తులు 3, 4 శాతానికి పడిపోతాయి. వరిగడ్డిదీ అదే లెక్క. గడ్డి పొట్టలో కరగక నిలిచిపోతుంది, అది ఖాళీ అయ్యేదాకా పశువుకు ఆకలి వేయదు. పొద్దంతా మేస్తున్నట్టు కనిపించే దూడ నిజానికి రోజురోజుకూ తక్కువ తింటోంది.

అలాంటి దూడ ముందు మొక్కజొన్న పోస్తే ఏమవుతుంది? పిండి పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరుగుతాయి, ఉన్న కాస్త నత్రజనినీ అవి లాగేసుకుంటాయి. పొట్టలో పులుపు పెరుగుతుంది, పులుపు పెరిగితే పీచును కరిగించే జాతులు వెనకబడతాయి. దూడ గడ్డి మేయడం ఇంకా తగ్గిస్తుంది. ఊరికే దొరికే గడ్డిని బీట్లో వదిలేసి, డబ్బు పోసి కొన్న గింజతో ఆ లోటు పూడ్చినట్టు అవుతుంది. మొక్కజొన్న అమ్ముకునే నేనే ఈ మాట చెబుతున్నాను. ఎందుకంటే దూడను పెంచి నాలుగు రూపాయలు చూడాలనుకునే కుటుంబం నష్టపోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

లెక్క వేసి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మొదట బరువు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకోండి. భుజం ముందరి ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవూ తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు సుమారుగా వస్తుంది. చుట్టుకొలత 54, పొడవు 45 అయితే 200 కిలోల దూడ. అది రోజుకు నాలుగు కిలోల ఎండుగడ్డి తింటోందనుకుందాం. 4 శాతం చొప్పున అందేది 160 గ్రాముల మాంసకృత్తులు. 7 శాతానికి చేరాలంటే 280 గ్రాములు కావాలి. లోటు 120 గ్రాములు. పొట్టు తీయని పత్తి గింజల చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిండిలో, మాంసకృత్తులు 22 శాతం దాకా ఉంటాయి కాబట్టి అరకిలో కంటే కాస్త ఎక్కువ పెడితే ఆ లోటు తీరుతుంది. పల్లీ చెక్క అయితే ఇంకా తక్కువ చాలు. కావలసింది రోజుకు అంతే. వారం పది రోజుల్లో పేడ మెత్తబడుతుంది, దూడ మేత పెంచుతుంది. అప్పుడు నా మాట నిజమో కాదో మీకే తెలుస్తుంది.

చెక్క కొనే స్తోమత లేనివారికి యూరియా గడ్డి ఉంది. యూరియాలో నత్రజని 46 శాతం. సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మార్చుకుని వాడుకోగలవు. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు సరిపోతాయి. యూరియా పూర్తిగా కరిగాకే చల్లాలి. గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ, ఒక్కో పొర మీద ఆ నీళ్లు సమంగా చిలకరిస్తూ, కాళ్లతో గట్టిగా తొక్కుతూ పోవాలి. చివర్లో టార్పాలిన్ కప్పి, అంచులు మట్టితో మూసి, 21 రోజులు కదపకూడదు. తెరిచినప్పుడు ముక్కు పుటాలు మండే వాసన వస్తే, గడ్డి బంగారు రంగు నుంచి గోధుమ రంగులోకి తిరిగితే, పట్టుకుంటే మెత్తగా అనిపిస్తే బాగా మాగినట్టు. బూజు పట్టిన భాగం తీసి పారేయండి. ఏ పూటకు కావలసింది ఆ పూట తీసి, గంటసేపు గాలికి ఆరబెట్టి వేయండి. మొదటి రెండు రోజులు దూడలు మూతి తిప్పుకుంటాయి, మామూలు గడ్డిలో కలిపి అలవాటు చేయాలి. ఇలా మాగిన గడ్డిలో మాంసకృత్తులు 7, 8 శాతానికి చేరుతాయి. అమ్మోనియా పీచు బిగువును కూడా సడలిస్తుంది కాబట్టి అరుగుదల పెరుగుతుంది.

యూరియా దగ్గర నేను ఎవరి మొహమాటానికీ లొంగను. ఆరు నెలల లోపు దూడకు పెట్టవద్దు, దాని పెద్ద పొట్ట ఇంకా సిద్ధంగా ఉండదు. తాగే నీళ్లలో ఎప్పుడూ కలపవద్దు. ఆకలి మీదున్న పశువు ముందు యూరియా కలిసిన దాణా పెట్టవద్దు. పచ్చి సోయాచిక్కుడుతో కలపవద్దు, అందులోని ఎంజైము యూరియాను ఒక్కసారిగా అమ్మోనియాగా విడగొడుతుంది. నేరుగా దాణాలో కలిపే పక్షంలో వంద కిలోల శరీర బరువుకు రోజుకు 30 గ్రాములు దాటకూడదు. ఆ మోతాదుకు కూడా రెండు మూడు వారాలు మెల్లగా ఎక్కించాలి. మోతాదు మించితే అరగంటలోనే పొట్ట ఉబ్బుతుంది, ఒళ్లు వణుకుతుంది, నడక తడబడుతుంది. వెంటనే పశువైద్యుడికి ఫోను చేయండి. ఆయన వచ్చేలోగా పశువు మింగగలిగే స్థితిలో ఉంటేనే వెనిగర్, చల్లని నీళ్లు కలిపి నెమ్మదిగా పట్టించండి. దుకాణంలో గోడ మీద ఈ వాక్యాలన్నీ పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాను.

ఉత్తర ఆస్ట్రేలియాలోనూ కథ ఇదే. అక్కడ మేలో వానలు ఆగితే మళ్లీ సంవత్సరం చివరికి గాని పడవు. ఆ ఎండు నెలల్లో పశువులు చిక్కిపోకుండా యూరియా, ఉప్పు కలిపిన నాకుడు మిశ్రమాన్ని బీళ్లలో తొట్లలో పెడతారు. గంధకం కోసం అందులో అమ్మోనియం సల్ఫేటు కూడా కలుపుతారు, గంధకం లేకపోతే సూక్ష్మజీవులు ఆ నత్రజనిని పూర్తిగా వాడుకోలేవు. ఉప్పు రుచికీ పనికొస్తుంది, పశువు ఒకేసారి ఎక్కువ నాకకుండా అడ్డుకట్ట కూడా వేస్తుంది. మన దగ్గర ఆనంద్‌లోని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1980ల్లో యూరియా, బెల్లపు మడ్డి (మొలాసిస్), ఖనిజ లవణాలతో నాకుడు ఇటుకలు చేయించింది. ఆస్ట్రేలియాలో ఆర్మిడేల్‌లోని న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య లెంగ్ ఆ పనిలో తోడున్నారు. చెక్క, మడ్డి, యూరియా, లవణాలు అన్నీ ఒకే ముద్దలో, నాకితేనే అందేలా ఉండటం దాని గొప్పతనం. వానకు తడవని చోట పెట్టాలి. పైన నిలిచిన నీళ్లలో యూరియా దిగి, పశువు ఆ నీళ్లు తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

హైదరాబాద్‌లో కొట్టాల్లో పెంచేవారికి చొప్ప సంగతి ఒకటి చెప్పాలి. ఈ నగరంలో జొన్న చొప్ప వ్యాపారం పెద్దది. పటాన్‌చెరులోని పరిశోధకులు ఇక్కడి వ్యాపారుల దగ్గర అమ్మకానికి ఉన్న చొప్పను పరీక్షించి చూశారు. అరిగే గుణంలో దాదాపు 5 శాతం తేడా ఉన్న రకాల మధ్య ధరలో 20 శాతానికి పైగా తేడా కనిపించింది. ప్రయోగశాల లేకుండానే మన వ్యాపారులు కాడను విరిచి, ఆకు చూసి, కొరికి తీపి చూసి ఆ తేడాను పసిగడుతున్నారన్నమాట. నాకు వాళ్లంటే చాలా గౌరవం. కాడ సన్నగా, ఆకు నిండుగా, కాస్త పచ్చదనం మిగిలున్న చొప్పకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. నల్లబడ్డ, వానకు నానిన చొప్ప చవకగా వచ్చినా వద్దు.

మరి మొక్కజొన్న ఎప్పుడూ వద్దా? వానలకు ముందే దూడను అమ్మేయాలనుకునేవారికి కావాలి, కాకపోతే చెక్క పెట్టి నత్రజని లోటు తీర్చిన తర్వాతే. శరీర బరువులో అర శాతం లోపు ఉంచితే గడ్డి మేత పెద్దగా తగ్గదు. 200 కిలోల దూడకు కిలో అన్నమాట. వానాకాలం దాటించి అమ్మేవారు మాత్రం ఎండాకాలంలో బరువు పెంచాలని చూడవద్దు. ఉన్న బరువు నిలబెడితే చాలు. ఎండల్లో కొంత ఆగిన పశువు పచ్చిక రాగానే మామూలు కంటే వేగంగా పెరిగి ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. వేసవిలో గింజ మీద పెట్టిన ఖర్చులో కొంత అక్కడే వృథా అవుతుంది.

తొలకరికి గరిక చిగురించి పేడ పలచబడగానే చెక్క మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి ఆపేయండి. ఆ తర్వాత లోటు నత్రజనిలో కాదు, చాలా నేలల్లో భాస్వరంలో పడుతుంది. దక్షిణాఫ్రికాలో పశువులు బీళ్లలో ఎముకలు నమిలి చనిపోతుంటే, దానికి మూలం భాస్వరం కొరత అని పశువైద్య శాస్త్రవేత్త ఆర్నాల్డ్ థైలర్ తేల్చారు. కొరత వల్ల ఎముకలు నమిలేవి, కుళ్లిన ఎముకల్లోని విషం వాటిని చంపేది. మన దూడలు కూడా గోడలు నాకుతుంటే, ఎముకో చెప్పో నోట్లో పెట్టుకుంటుంటే భాస్వరం ఇచ్చే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేటు) ఉన్న ఖనిజ లవణ మిశ్రమం మొదలుపెట్టండి. రోజూ ఆ మిశ్రమాన్ని గుప్పెడు తవుడులో కలిపి పెట్టండి. తవుడులోనూ భాస్వరం బాగా ఉంది. కోడికి అది చాలావరకు అందదు గాని, దూడ పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడదీసి ఇస్తాయి.