ముక్కు పురుగు మొహం, 200 ముక్కల్లో

బియ్యానికి పట్టే ముక్కు పురుగు మొహం మీద పొడుచుకొచ్చిన గొట్టం ఉంటుంది చూడండి, దాని చిట్టచివర దవడలున్నాయి. వాటితోనే గింజకి కన్నం పెడుతుంది. పురుగు మొత్తం పొడవు మూడు మిల్లీమీటర్లు. ఆ దవడలు, వాటి వెనక నల్లటి కళ్ళు, ఇంకా వెనక మెడ మీది గుంటలు, అన్నీ ఒకే ఫోటోలో స్పష్టంగా రావాలన్నదే నా పంతం.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను కాబట్టి మోడళ్ళకి కొరత లేదు. "ఊళ్ళో అందరూ పురుగుల్ని చెరిగి పారబోస్తుంటే నువ్వు సీసాలో పోసి ఇంటికి తెస్తున్నావేంట్రా" అంటుంది అమ్మ. తెచ్చిన సీసా నేరుగా ఫ్రీజర్‌లోకి, చింతపండు డబ్బా పక్కకి పోతుందని ఆవిడకి ఇంకా తెలీదు.

అసలు చిక్కు ఎక్కడంటే, సైజు పెంచేకొద్దీ ఫోకస్‌లో ఉండే పొర పల్చబడిపోతుంది. నా దగ్గరున్నది కెమెరాకి తగిలించిన 10ఎక్స్ మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్, అంటే పదిరెట్లు పెద్దది చేసే లెన్సు. న్యూమరికల్ అపర్చర్ (ఎంత వెడల్పు నుంచి కాంతిని పోగుచేస్తుందో చెప్పే అంకె) 0.25. దాంతో ఒక్క షాట్‌లో స్పష్టంగా కనపడే లోతు సుమారు 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే అందులో ఎనిమిదో వంతు. గొట్టం కొసన ఫోకస్ పెడితే కళ్ళు మసక, కళ్ళమీద పెడితే గొట్టం మాయం.

మామూలు ఫోటోగ్రఫీ అలవాటున్నవాళ్ళు వెంటనే అడిగేది, అపర్చర్ని, అంటే లెన్సులో కాంతి వచ్చే సందుని, బాగా చిన్నది చేస్తే సరిపోదా అని. సరిపోదు. 5ఎక్స్ మాక్రో లెన్సులో ఎఫ్8 పెట్టామనుకోండి, ఆ సైజు దగ్గర అది నిజానికి ఎఫ్48తో సమానం (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ సందు చిన్నదన్నమాట). అంత చిన్న సందులోంచి వచ్చే కాంతి అంచుల దగ్గర వంగి చెదిరిపోయి, ఫోటో మొత్తం మెత్తబడుతుంది. లోతు వస్తుంది, పదును పోతుంది. మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్‌కైతే మూయడానికి అపర్చరే ఉండదు. అందుకే పొరలు పొరలుగా తీసి, ఒక్కో పొరలోంచి పదునైన భాగాన్ని మాత్రం ఏరి కలపాలి. ఫోకస్ స్టాకింగ్ అంటే అంతే.

లెక్క చూద్దాం. పురుగుని ఎదురుగా పెడితే గొట్టం కొస నుంచి మెడ దాకా లోతు 1.2 మిల్లీమీటర్లు. పొరకీ పొరకీ కొంచెం అతుకు ఉండాలి కాబట్టి 9 మైక్రాన్లకి బదులు 6 మైక్రాన్ల చొప్పున కెమెరాని జరపాలి. అలా 200 షాట్లు. చేత్తో తిప్పి జరిపే పని కాదిది. స్టెప్పర్ మోటారున్న స్లైడర్ మీద కెమెరా కూర్చుంటుంది. ఒక్కో అడుగు తర్వాత ఊగడం ఆగేదాకా రెండు సెకన్లు, ఫ్లాష్ మళ్ళీ ఛార్జ్ అవడానికి ఇంకో మూడు. మొత్తం పదిహేడు నిమిషాలు.

ఆ పదిహేడు నిమిషాలూ ఇల్లు కదలకూడదు. మాదేమో రైలు పట్టాల పక్క ఇల్లు. గూడ్స్ బండి వెళ్తే బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి, ఇక 6 మైక్రాన్ల మాట చెప్పేదేముంది. ఫ్యాన్ బంద్, ఫ్రిజ్ బంద్, పక్క గదిలో ఎవరూ నడవకూడదు. మే నెలలో ఈ పని చేసేవాడిని ఇంట్లోవాళ్ళు ఏమంటారో మీరే ఊహించుకోండి. ఫ్లాష్ వాడటానికి అసలు కారణం కూడా ఇదే. తక్కువ పవర్‌లో అది వెలిగేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు, కాబట్టి చిన్న చిన్న వణుకులు ఫోటోకి ఎక్కవు. కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే షట్టర్ కొట్టుకునే అదురు కూడా పోతుంది.

లైటు విషయం త్వరగా చెప్పేస్తాను. ముక్కు పురుగు పెంకు మెరుస్తుంది, ఫ్లాష్ నేరుగా పడితే తెల్లమచ్చలే మిగులుతాయి. టీ తాగే థర్మకోల్ కప్పు అడుగు కోసి పురుగు చుట్టూ బోర్లిస్తే చాలు, కాంతి మెత్తబడుతుంది. దీనికి డబ్బు తగలేయక్కర్లేదు.

శుభ్రం చేయడం మాత్రం అంత తేలిక కాదు. ఈ పురుగు మెడమీద గుండ్రటి గుంటలుంటాయి, ప్రతి గుంటలోనూ తవుడే. మామూలు కంటికి శుభ్రంగా కనిపించే పురుగు 10ఎక్స్‌లో పిండిమర ముందు నిలబడి వచ్చినట్టుంటుంది. సబ్బునీళ్ళలో ఉంచి, సన్నటి బ్రష్షుతో నిమిరి, ఆరబెట్టి, పొట్టకింద ఫెవికాల్ చుక్కతో సూదికి అతికిస్తాను. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళ తేనెటీగల ల్యాబులో తేనెటీగల్ని సబ్బునీళ్ళతో కడిగి, నూగు విచ్చుకునేలా హెయిర్ డ్రైయర్‌తో ఆరబెడతారు. వాళ్ళ ఫోటోలు ఎవరైనా వాడుకోవచ్చు. వెతికి చూడండి, రాత్రి నిద్ర పట్టదు.

బ్రిటన్ ఫోటోగ్రాఫర్ లెవాన్ బిస్ 2016లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పెట్టిన ప్రదర్శన గురించి కూడా చెప్పాలి. ఒక్కో పురుగుని భాగాలుగా విడదీసుకుని, ప్రతి భాగానికీ విడిగా లైటింగ్ పెట్టి, 10 మైక్రాన్ల చొప్పున జరుపుతూ, ఒక్క ఫోటోకి 8 వేలకు పైగా షాట్లు తీశాడు. నా 200 షాట్లకే అమ్మ విసుక్కుంటుంది.

కంప్యూటర్ మీద పని మొదలయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. పొరల్ని కలపడానికి నేను వాడే సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్. అందులో రెండు పద్ధతులున్నాయి. పీమ్యాక్స్ వెంట్రుకల్ని, ఒకదాని మీదొకటి పడ్డ కాళ్ళని బాగా పట్టుకుంటుంది గానీ నాయిస్ (చుక్కచుక్కల గరుకు) పెంచుతుంది, రంగులు కాస్త ముదురు చేస్తుంది. డీమ్యాప్ రంగుల్ని ఉన్నవున్నట్టు ఉంచుతుంది, అంచుల చుట్టూ మాత్రం వెలుగు చారలు వదులుతుంది. ముక్కు పురుగు మీసాలు మోచేయిలా వంగి గొట్టానికి అడ్డంగా వస్తాయి. మీసం ఫోకస్‌లో లేనప్పుడు పొగలా పల్చగా పరుచుకుంటుంది, దాని వెనకున్న గొట్టం అందులోంచి కనపడుతుంది. రెండు పొరలూ కలిసేసరికి మీసం గాజుది అయిపోతుంది! అక్కడ సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. ఏ షాట్‌లోది ఉంచాలో నేనే చూసుకుని బ్రష్‌తో దిద్దాలి. కాబట్టి ఇలాంటి ఫోటోలో కొంత భాగం కెమెరాది కాదు, నా నిర్ణయం. ఈ మాట చెబితే కొందరికి నచ్చదు. నాకైతే దాచాల్సిన విషయంగా అనిపించదు, ఎందుకంటే మొత్తం మొహం ఇంత పెద్దగా, ఇంత పదునుగా ఒకేసారి ఫోకస్‌లో కనిపించడం అనేది ఏ మామూలు మైక్రోస్కోపు కింద ఏ కంటికీ జరగదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 10ఎక్స్ జోలికి వెళ్ళకండి. 4ఎక్స్, న్యూమరికల్ అపర్చర్ 0.10 ఆబ్జెక్టివ్ తీసుకోండి. పొర 55 మైక్రాన్లుంటుంది, 40 చొప్పున జరిపితే ఇదే మొహానికి 30 షాట్లు చాలు. గూడ్స్ బళ్ళని కూడా కొంతవరకు క్షమిస్తుంది.

ఇప్పుడు నా కన్ను గింజ మీద పడింది. ఆడ పురుగు ఆ దవడలతో గింజకి కన్నం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, జిగురులాంటి పదార్థంతో మూసేస్తుంది. మూత రంగు గింజ రంగులో కలిసిపోతుంది, ఎక్కడుందో కనపడదు. ల్యాబుల్లో యాసిడ్ ఫుక్సిన్ అనే రంగులో గింజల్ని ముంచుతారు, అప్పుడు మూతలు ఎర్రగా బయటపడతాయి. ఏలూరులో కాలేజీ ల్యాబులో పనిచేసే ఫ్రెండు ఒక చిటికెడు ఇస్తానన్నాడు. బదులుగా వాళ్ళ పిల్లాడి స్కూలు ప్రాజెక్టుకి నల్లి మొహం ఫోటో అడుగుతున్నాడు. నల్లిని ఎక్కడ పట్టాలో చూడాలి.