ఏ క్యాలెండర్ సంవత్సరమో రాయొద్దా?

ఆ డిసెంబర్ 30 నిద్ర పట్టనివ్వట్లేదు.

ఆఫీసు రిపోర్టులో 2024 డిసెంబర్ 30 కాస్తా 2025 డిసెంబర్ 30 అయి కూర్చుంది. డేటాబేస్ నుంచి రిపోర్టు తీయడానికి ఎవరో ఎప్పుడో రాసిన క్వెరీ. తేదీలో మామూలు సంవత్సరం వేయమనే గుర్తు వైవైవైవై (YYYY) ఉండాల్సిన చోట ఐవైవైవై (IYYY) ఉంది. అది ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారాల లెక్క. అందులో ఏడాది ఎప్పుడూ సోమవారమే మొదలవుతుంది, జనవరి మొదటి గురువారం పడ్డ వారమే ఒకటో వారం. ఆ 30 సోమవారం కాబట్టి ఆ లెక్కలో అప్పటికే 2025 వచ్చేసింది. నెల, తేదీ మాత్రం మామూలు క్యాలెండర్‌వి. ఏడాది మొదట్లో, చివర్లో కొన్ని రోజులు తప్ప మిగతా అంతా సరిగ్గానే కనిపిస్తుంది గనక ఎవరికీ అనుమానం రాదు.

నా కోపం క్వెరీ మీద కాదు. మా టీమ్ గైడ్‌లో ఆ రెండింటి ఎదురుగానూ ‘నాలుగంకెల సంవత్సరం’ అనే ఉంది. ఇలాగైతే కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుందని అడిగితే, సీనియర్ గారు "అందరికీ తెలిసిందేగా అమ్మా" అన్నారు. అక్కడే ఒళ్లు మండింది. అందరికీ తెలిస్తే ఆ రిపోర్టు కస్టమర్ దాకా ఎలా వెళ్లింది?

తాతయ్య ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. అందులో పొలం అడంగల్ (సాగు రికార్డు) నకళ్లు. ఒకదాని మీద ‘ఫసలీ 1389’ అని చూసి, రెడ్డిరాజుల నాటి కాగితం మన ఇంట్లో ఉందని వీధంతా చెప్పొచ్చాను. తాతయ్య పక్కన కూర్చోబెట్టుకుని, ఫసలీ అంటే రెవెన్యూ వాళ్ల లెక్క సంవత్సరం, దానికి 590 కలుపు, 1979 వస్తుంది, జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది అని చెప్పారు. ప్రతి నకలు అంచునా పెన్సిల్‌తో ఇంగ్లీషు సంవత్సరం వేసి ఉండేది, మాకోసమే.

ఆ పాత కాగితాలే నయం, ఏ లెక్కో రాశారు అనుకున్నాను ఇంతసేపూ. నయమేం కాదు. ‘ఫసలీ’ అన్నంత మాత్రాన 590 సంగతీ, జూలై సంగతీ నాకు తెలిశాయా? తాతయ్య చెప్పబట్టి తెలిశాయి. పేరొక్కటే చాలదు, లెక్క చెప్పాలి, ఒక తేదీ వేసి చూపించాలి.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ ఆ పని చేసింది. ఐవైవైవైని నెల, తేదీలతో కలిపి రాయొద్దని హెచ్చరిక ఉంది. అలా కలిపిస్తే, మనం రాసిచ్చిన తేదీని చదివేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, తేదీని అచ్చు వేసేటప్పుడు మాత్రం అడ్డు చెప్పదు.

డిసెంబర్ 30 ఉదాహరణని సాయంత్రమే మా గైడ్‌లో చేర్చాను. కొత్తమ్మాయి చదివి "ఓహో" అంది, సంతోషం వేసింది. సీనియర్ గారు తీసేయమంటే రేపు ఆ రిపోర్టు ఆయన ముందు పెడతాను.