ముందు పినియన్, తర్వాతే ఇంజన్

జ్ఞాపకాల సంచికకు రాయమంటే, మేం పని నేర్చిన వర్క్‌షాపు గోడకు వేలాడిన తూకం గుండు, పక్కనే సుద్ద ముక్క, చుట్టిపెట్టిన దారం ముందుగా గుర్తుకొస్తాయి. పానా పట్టేముందు మట్టం చూడాలని అక్కడ నేర్పారు. ఇప్పుడు నల్లగొండ, మిర్యాలగూడ వైపు తమ్ముళ్లు కొందరు పైపులతో ఛాసిస్ కట్టి, పాత బండి ఇంజన్ వేసి, సొంతంగా కారు తయారు చేసుకుంటున్నారు. వాళ్లకు ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇంజన్ ఎక్కడ, ఏ కోణంలో కూర్చోవాలన్న సంగతే. ఆ షెడ్డులో నేర్చిన పద్ధతిని వాళ్ల కోసమే ఇక్కడ పెడుతున్నాను.

మనకు సులువుగా దొరికే ఇంజన్ మారుతి 796 సీసీ మూడు సిలిండర్లది. మారుతి 800లో అది అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నీలో నిలువుగా, ముందు సీట్ల కింద ఉండి, ప్రొపెల్లర్ షాఫ్టుతో (ముందు నుంచి వెనక్కి పోయే పొడవాటి కడ్డీ) వెనక హౌజింగ్ (వెనక ఇరుసు, దాని గేర్లు ఉండే పెట్టె) లోపలి గేర్లను తిప్పుతుంది. ముందు ఇంజన్, వెనక డ్రైవ్ కావాలంటే ఓమ్నీ ఇంజన్, గేరుబాక్సు, వెనక హౌజింగ్ మూడూ ఒకే బండివి తెచ్చుకోవాలి. ఇంజన్ వెనక ఉండాలనుకుంటే మారుతి 800 ముందు భాగాన్ని, ఇరుసులతో సహా, ఉన్నది ఉన్నట్టుగా వెనక్కి తీసుకుపోవాలి. జాగా కలిసొస్తుందని దాన్ని ముందువెనకలుగా తిప్పి పెట్టారో, నాలుగు గేర్లూ బండిని వెనక్కే నడుపుతాయి. స్టీరింగ్ రాడ్లు ఉండే చోట రెండు పక్కలా కదలని రాడ్లు వేసి చక్రాలను బిగించాలి. ఇక్కడ ఇంజన్ స్థానాన్ని నిర్ణయించేది ఇరుసులే. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిప్పుడు పంచే గేర్ల పెట్టె) మధ్య భాగం, చక్రాల మధ్య భాగం పైనుంచి చూస్తే దాదాపు ఒకే గీతలో ఉండాలి. తేడా పెరిగితే ఇరుసుల లోపలి జాయింట్లు వేడెక్కి వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) చిరుగుతాయి.

అసలు చిక్కంతా ముందు ఇంజన్ బండిలోనే. ఇంజన్ బరువైనది కాబట్టి ముందు దాన్నే పెట్టేసి, మిగతావి దాని చుట్టూ సర్దాలని అనిపిస్తుంది. కానీ వరస తిరగేసి నడవాలి. మొదట చక్రాలు, స్ప్రింగులు, వెనక హౌజింగ్ బిగించాలి. తర్వాత డ్రైవరు సీటు, పెడళ్లు, స్టీరింగ్ కడ్డీ. ఇవన్నీ కుదిరాకే ఇంజన్ వంతు. డ్రైవరు కాళ్లకు, స్టీరింగ్ కడ్డీకి చాలని జాగాను ఆ తర్వాత ఎవరూ పుట్టించలేరు.

ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద ఎత్తి, మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో నాలుగు మూలలూ మట్టం చేయాలి. ముందు నుంచి వెనక దాకా నడిమి గీతకు దారం కట్టి, తూకం గుండుతో దాన్ని నేల మీదికి దించి సుద్దతో గీయాలి. సీట్లలో మనుషుల బరువంత ఇసుక బస్తాలు పెట్టి, బండి నడిచేటప్పుడు ఉండే ఎత్తులో హౌజింగ్‌ను ఆపాలి. బస్తాల్లేకుండా కొలిచిన కోణం రోడ్డు మీద ఉండదు.

కొలతలకు నడిచే ఇంజన్ వద్దు. పాత ఇనుప కొట్లో తూకానికి దొరికే ఖాళీ బ్లాకు, హెడ్డు, గేరుబాక్సు డొల్ల కలిపి బిగిస్తే ఇద్దరు మనుషులు అటూ ఇటూ జరపగలరు. ఆల్టర్నేటర్, స్టార్టర్, సైలెన్సర్ మానిఫోల్డ్, ఆయిల్ ఫిల్టర్ మాత్రం దానికి తప్పక తగిలించాలి. జాగా చాలక ఇబ్బంది పెట్టేవి అవే. అసలు ఇంజన్ ఎత్తడానికి బోరు మోటార్లు తీసే మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ సరిపోతాయి.

ఇప్పుడు కోణాలు. క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ప్రధాన కడ్డీ) గీత, వెనక పినియన్ (హౌజింగ్‌లో షాఫ్టు తిప్పే చిన్న గేరు) గీత సమాంతరంగా ఉండాలి. ఇంజన్ తోక 3 డిగ్రీలు కిందికి వాలితే పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. షాఫ్టు రెండు చివర్లా ఉండే క్రాస్ జాయింట్ (ప్లస్ ఆకారపు కీలు) వంగితే ఒక చుట్టుకు రెండుసార్లు వేగం పెంచుతుంది, రెండుసార్లు తగ్గిస్తుంది. అవతలి క్రాస్ అంతే కోణంలో ఉంటేనే ఆ హెచ్చుతగ్గు రద్దవుతుంది. రెండు కోణాల మధ్య తేడా 1 డిగ్రీ దాటకూడదు. షాఫ్టు రెండు చివర్లా క్రాస్‌ను పట్టుకునే చెవులు ఒకే తలంలో ఉండాలి. షాఫ్టు పొడవు సర్దుకోవడానికి జారే ముక్కను ఒక పల్లు తప్పించి ఎక్కించినా వణుకు మొదలై, జనం ఇంజన్‌ను అనుమానిస్తారు. అలాగని కోణం సున్నా చేయొద్దు. క్రాస్ లోపలి సూది బేరింగులు కొంచెమైనా దొర్లకపోతే ఒకేచోట గుంటలు పడతాయి. కనీసం అర డిగ్రీ, వీలైనంతవరకు 3 డిగ్రీల లోపు మంచిది. ఆకు స్ప్రింగుల హౌజింగ్ అయితే ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కనుక, దాన్ని సమాంతరం కన్నా 1 డిగ్రీ తగ్గించి పెట్టాలి.

మన బండ్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. అతని కాళ్ల కోసం ఇంజన్‌ను కాస్త ఎడమకు జరపడం తప్పేమీ కాదు. అయితే జరిపిన ప్రతి మిల్లీమీటరూ కోణమే అవుతుంది. మీటరు పొడవు షాఫ్టుకు 17.5 మి.మీ. జరిపితే 1 డిగ్రీ. షాఫ్టు అర మీటరే ఉంటే అదే జరుగుడుకు 2 డిగ్రీలు. నిలువు కోణం 3, అడ్డం కోణం 4 అయితే క్రాస్ పని చేసేది 7 డిగ్రీల్లో కాదు, 5 డిగ్రీల్లో. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి. చిన్న కార్లలో షాఫ్టు పొట్టిగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క కాగితం మీద వేయకుండా బ్రాకెట్లు కోయొద్దు.

ఇంజన్‌ను ఎంత వెనక్కి తోస్తే అంత మంచిదని చాలామంది నమ్మకం. లెక్క చూడండి. ఇంజన్, గేరుబాక్సు కలిపి 100 కిలోలు, చక్రాల మధ్య దూరం 2300 మి.మీ. అనుకుందాం. 230 మి.మీ. వెనక్కి జరిపితే ముందు నుంచి వెనక్కి మారేది 10 కిలోలు మాత్రమే. దానికోసం పెడళ్ల జాగా పోగొట్టుకోవడం నాకు నచ్చదు. బరువు నిజంగా తెలుసుకోవాలంటే బత్తాయి మార్కెట్లో ఉండేలాంటి కాటా ఒకటి తెచ్చి, ఒక్కో చక్రం కింద పెడుతూ, మిగతా మూడింటి కింద అంతే మందం పలకలు వేసి తూచాలి.

ఎత్తు విషయంలో ఆయిల్ చాంబర్ అడుగు ఛాసిస్ కింది పైపు కన్నా కిందికి దిగకూడదు. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు ముందు చూసేది దాన్నే. డ్రెయిన్ బోల్టుకు పానా, ఫిల్టర్‌కు చెయ్యి, ఆయిల్ గేజీ కడ్డీ పూర్తిగా పైకి రావడానికి జాగా చూసుకోవాలి. కార్బ్యురేటర్ కూర్చునే ముఖం మట్టంగా ఉండాలి, లేకుంటే గిన్నెలో పెట్రోలు ఎత్తు తప్పుతుంది. స్ప్రింగులు పూర్తిగా నొక్కినప్పుడు కూడా షాఫ్టు జారే ముక్కకు 20 నుంచి 25 మి.మీ. మిగలాలి. మిగలకపోతే గుంతలో పడ్డప్పుడు గేరుబాక్సు బేరింగ్ మీద దెబ్బ పడుతుంది. షాఫ్టు పొడవు ఫౌండేషన్ రబ్బర్లు (ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మలు) బిగించాకే కొలవాలి. కోసి అతికించాక బ్యాలెన్స్ చేయించాలి. ఆ పని హైదరాబాద్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చేస్తారు.

ఫౌండేషన్లు మూడు చాలు, ఇంజన్ పక్కలకు రెండు, గేరుబాక్సు తోకకు ఒకటి. నిలువు ఇంజన్‌లో క్రాంక్ ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు దిక్కున తిరుగుతుంది కనుక, తొక్కినప్పుడు ఇంజన్ ఎడమ పక్క పైకి లేస్తుంది. ఎడమ రబ్బరు తెగినా ఇంజన్ లేచిపోకుండా దానికి ఇనుప అడ్డు ఉండాలి. బ్రాకెట్లకు 5 మి.మీ. ప్లేటు, మూలలో ముక్కోణపు అతుకు, ఎం10 (10 మి.మీ.) బోల్టులు, 8.8 గ్రేడు (బోల్టు బలం గుర్తు). చతురస్రపు పైపు గుండా బోల్టు పోతే లోపల గొట్టం ముక్క పెట్టి వెల్డ్ చేయాలి, లేదంటే బిగించేకొద్దీ పైపు నలిగి బోల్టు వదులవుతుంది. ఒక పక్క రంధ్రాన్ని కోలగా ఉంచితే రబ్బరు మెలిపడదు. ట్యాక్ (తాత్కాలికపు చుక్క వెల్డింగ్) వేసేటప్పుడు రబ్బరు తీసి, అదే మందం ఇనుప దిమ్మ పెట్టాలి. పూర్తి వెల్డింగ్ ఇంజన్ దించాకే. రబ్బరు మాడడం సంగతి అటుంచి, వెల్డింగ్ కరెంటు బేరింగుల గుండా పోతే గోళీల మీద మచ్చలు పడతాయి. కొత్త రబ్బర్లు బరువుకు కొన్ని మిల్లీమీటర్లు కుంగుతాయి, ఆ మేరకు ఎత్తి కట్టాలి. ఇంజన్ చుట్టూ అన్ని పక్కలా 20 మి.మీ. ఖాళీ వదలాలి. స్టీరింగ్ కడ్డీకి, సైలెన్సర్ పైపుకు మధ్య ఇంకా ఎక్కువే ఉండాలి.

రబ్బర్ల మీద కూర్చున్న ఇంజన్‌కు ఛాసిస్‌తో కరెంటు సంబంధం తెగిపోతుంది. లావు ఎర్తింగ్ పట్టీ ఒకటి వేయకపోతే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబుల్ గుండానో ఆక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. కేబుల్ ఎర్రగా కాలి బిగుసుకుంటుంది. ఎంత వెతికినా అందని లోపం ఇది, తప్పించే ఖర్చు మాత్రం చాలా తక్కువ.

బానెట్ పల్లంగా ఉండే బండిలో రేడియేటర్ మూత ఇంజన్ హెడ్డు కన్నా కిందికి దిగుతుంది. అప్పుడు గాలి హెడ్డులో నిలిచి, మన మే నెల ఎండలో గాస్కెట్ (హెడ్డుకు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) కాలుతుంది. అన్నింటికన్నా ఎత్తులో విడిగా ఒక నీళ్ల డబ్బా పెట్టాలి. ఫ్లోరైడ్‌కు పేరుపడ్డ మన నల్లగొండ జిల్లా బోరు నీళ్లు చాలాచోట్ల సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు కూడా. వాటితో నింపితే లోపల సున్నపు పొర కట్టి రేడియేటర్ మూసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయాలి.

ఇంట్లో కట్టిన బండిని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 126వ నిబంధన ప్రకారం పరీక్షా సంస్థ ఆమోదం లేకుండా రోడ్డెక్కించలేరు. రిజిస్టరైన బండి నిర్మాణం మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 అడ్డు. కాబట్టి ట్రయల్ సొంత చెలకలోనో కాలేజీ మైదానంలోనో.

ట్రయల్‌కు ముందు ఫౌండేషన్ బోల్టులన్నింటి తలల మీద, పక్క ప్లేటు మీదకి వచ్చేలా తెల్ల రంగుతో ఒకే గీత గీయండి. సైలెన్సర్ దగ్గర నైలాన్ నట్లు వాడొద్దు, వేడికి నైలాన్ కరుగుతుంది. నడిపి వచ్చాక గీతలు చూడండి. గీత జరిగిన బోల్టును ఊరికే బిగించి వదలొద్దు, విప్పి చూడండి. బోల్టు తిరిగే గుండ్రటి రంధ్రం కోలగా సాగి ఉంటే ఆ ప్లేటు తీసేసి కొత్తది వేయాల్సిందే.