మిర్చి చేల మీద డ్రోన్: ఎగరడం దాని పని, మిగతాదంతా మనదే

మొక్కలు ఎక్కడ దెబ్బతింటున్నాయో పైనుంచి ఫొటోలు తీసి పట్టుకునే డ్రోన్ సర్వేను పల్నాడు మిర్చి చేలల్లో మొదలుపెట్టాలనుకున్నప్పుడు నా టెన్షనంతా ఎగరేయడం గురించే. తీరా దిగాక చూస్తే ఆ ఒక్క పనీ యంత్రమే చూసుకుంటుంది.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం బరువు రెండు కిలోలు దాటితే స్మాల్ కేటగిరీ, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, 65 దాటకుండా ఉంటే పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తింపున్న శిక్షణ కేంద్రంలో చేరొచ్చు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. బండికి నంబర్ ప్లేటులా డ్రోన్‌కూ యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. మా చేలు గ్రీన్ జోన్‌లో, అంటే ఎగరేయడానికి ఆంక్షలు లేని ప్రాంతంలో ఉన్నాయి కాబట్టి 400 అడుగుల ఎత్తు వరకు విడిగా అనుమతి అక్కర్లేదు.

ఉపగ్రహం ఫొటోలు ఉచితమే కదా, డ్రోన్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఆ ఫొటోలు తీసే ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 ఐదు రోజులకోసారి వస్తుంది, నిజమే. కానీ దాని ఒక్క పిక్సెల్ పది మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్ల నేల. చేలో ఓ మూల పదిహేను మొక్కలు వాడిపోతే దానికి ఆనదు. పైగా వానాకాలంలో మబ్బు పట్టిందంటే అదీ లేదు.

అసలు పని ఎగరక ముందే. మ్యాప్ నేలతో సరిగ్గా సరిపోవాలంటే చేను గట్ల మీద సున్నంతో ఇంటూ గుర్తులు వేసి, ఒక్కోదాని దగ్గర జీపీఎస్ రీడింగు తీసుకోవాలి. "సంక్రాంతి ఇంకా రాలేదుగా బాబూ, అప్పుడే ముగ్గులా?" అని ఓ పెద్దాయన నవ్వాడు. తర్వాత బూడిదరంగు ప్యానెల్‌ను నేల మీద పెట్టి, ఎగరక ముందోసారి, దిగాక ఇంకోసారి ఫొటో తీస్తాను. అది ఎంత వెలుతురును వెనక్కి పంపుతుందో ముందే తెలుసు కాబట్టి మిగతా కొలతలన్నీ దాంతో సరిచూస్తాం. ఫొటోలు ఒకదాని మీద ఒకటి 80 శాతం దాకా పడాలి. మిర్చి సాళ్లన్నీ ఒకేలా ఉంటాయి, తక్కువైతే ఫొటోలన్నీ కలిపి ఒకే మ్యాప్ చేసే సాఫ్ట్‌వేర్ ఏది ఎక్కడ అతకాలో తేల్చుకోలేదు. గాలి ఎక్కువైతే ఆకులు ఊగి మళ్లీ అదే గోల.

అవన్నీ అయ్యాక బటన్ నొక్కితే చాలు. గీసిచ్చిన గీతల వెంట తిరిగి, బ్యాటరీ తగ్గితే తనే వెనక్కి వస్తుంది. నేను రిమోట్ పట్టుకుని ఆకాశంలో గద్దల కోసం చూస్తుంటాను. అవి డ్రోన్ మీదకు దూకుతాయి మరి.

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుని, కంటికి కనపడని సమీప పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, పైరు పచ్చదనాన్ని చెప్పే అంకె. అది తగ్గిన చోటల్లా మ్యాప్ ఎర్రగా కనపడేలా పెట్టుకున్నాం.

ఓ చేలో రెండు ఎర్ర మచ్చలు వచ్చాయి. చూడ్డానికి రెండూ ఒకటే. మొదటిదాని దగ్గరికి వెళ్తే ఆకులు పైకి ముడుచుకుని ఉన్నాయి. పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపితే నల్ల తామర పురుగులు రాలాయి. 2021లో అవి మిర్చిని ఎంత ముంచాయో ఇక్కడ అందరికీ గుర్తే, రైతు ముఖం మాడిపోయింది. రెండో దాని దగ్గర పురుగు జాడే లేదు. పల్లంలో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లాయంతే. మ్యాప్ చూసి మందు కొట్టేసి ఉంటే అక్కడ డబ్బు దండగే.

"ఏ మందు కొట్టాలో ఇది చెబుతుందా?" అని అడిగాడా రైతు. చెప్పదన్నాను. ఇప్పుడు ఏ రైతుకు మ్యాప్ ఇచ్చినా, నేను నడిచి చూసొచ్చిన ప్రతి మచ్చ పక్కన కారణం పెన్నుతో రాసిస్తాను. చూడని మచ్చల దగ్గర ఏమీ రాయను.