శ్రుతి ఎవరి గొంతుకు పెట్టినారు?

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న మా తెలుగువాళ్లలో చాలామంది, ఇంట్లో హెవీ మెటల్ అనే హోరెత్తించే రాక్ సంగీతం వినిపించగానే ఉలిక్కిపడి, వారాంతపు తెలుగు తరగతినో సంగీత పాఠాన్నో గుర్తుచేసి దాన్ని ఆపించాలని చూస్తారు. మా ఇంట్లో ఆ పని చేయలేదు. మేముండేది తూర్పు లండన్‌లోని ఇల్ఫర్డ్. మా అబ్బాయి ప్రాణంగా వినే ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బృందాన్ని స్టీవ్ హ్యారిస్ 1975లో మొదలుపెట్టింది మాకు దగ్గరలోనే ఉన్న లేటన్‌లో. తొలి రోజుల్లో వాళ్లు స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒక పబ్బులో వాయించేవాళ్లు. తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ అనంతపురం వాళ్లమైన మాకు ఎంత సొంతమో, ఆ బృందం వాడికి అంత సొంతం. వాడు వింటున్నది తన ఊరి కళ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఈసారి ఆగస్టు సెలవుల్లో అనంతపురంలో మా నాన్నగారింట్లో ఉన్నప్పుడు, వాడికీ వాళ్ల మామకూ ఆ బృందపు గాయకుల మీద పెద్ద వాదన నడిచింది. మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన ఐరన్ మెయిడెన్ కచేరీకి స్నేహితులతో వెళ్లివచ్చాడు. ఆ రాత్రి విన్న బ్రూస్ డికిన్సన్ తప్ప ఆ బృందానికి మరో గాయకుడే లేడన్నది వాడి మాట. 1981లో వచ్చి, 1993లో వెళ్లిపోయి, 1999లో తిరిగి వచ్చిన బ్రూస్ గొంతు నిజంగా అసామాన్యమైనదే. తారస్థాయిలో ఎంతసేపు నిలిపినా పలుచబడదు. అభిమానులు ఆయన్ను వైమానిక దాడి సైరన్ అని పిలుచుకోవడంలో అతిశయోక్తి లేదు. 2015లో నాలుక మీద క్యాన్సర్‌కు చికిత్స తీసుకుని, మళ్లీ అదే స్థాయిలో పాడుతున్న మనిషి ఆయన.

ఆయనకు ముందు పాల్ డియానో ఉండేవాడు. 1980, 1981లలో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌లూ ఆయన పాడినవే. గరుకుగా, వీధిలో నిలబడి ఎవరితోనో తగువు పడుతున్నట్టుండే గొంతు. 2024 అక్టోబరులో ఆయన పోయినప్పుడు మా వాడు ఆ రెండు ఆల్బమ్‌లే పదేపదే విన్నాడు. నాకైతే ముగ్గురిలోనూ ఆయన గొంతులోనే తూర్పు లండన్ ఎక్కువగా వినిపిస్తుంది.

అసలు వాదన ఆ ముగ్గురిలో మూడోవాడైన బ్లేజ్ బేలీ గురించి. 1994 నుంచి 1999 దాకా పాడిన ఆయన్ను మా తమ్ముడు లెక్కలోకే తీసుకోడు. మా అబ్బాయికి ఆయనంటే పక్షపాతం. ఇద్దరి మధ్యా మా నాన్నగారు వచ్చి కూర్చున్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలకు ఏళ్ల తరబడి హార్మోనియం వాయించిన మనిషి ఆయన. ఒక్క రాత్రి నాటకంలోనే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేర్వేరు నటులు దిగితే, తెల్లవార్లూ చూసి ఎవరి పద్యం గొప్పదో మరునాడంతా తేల్చుకునే జనం మధ్య పెరిగారు. ఒకే పాత్రకు ఇద్దరు గాయకులంటే ఆయనకు కొత్తేమీ కాదు.

అబ్బాయి ఫోన్‌లో ‘సైన్ ఆఫ్ ద క్రాస్’ను ముందు 1995 ఆల్బమ్‌లో బ్లేజ్ పాడినట్టుగా, తర్వాత 2001లో బ్రెజిల్‌లోని రియో వేదిక మీద బ్రూస్ పాడినట్టుగా వినిపించాడు. నాన్నగారు కళ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లతో హార్మోనియం మెట్లు వెతుక్కుంటూ రెండూ పూర్తిగా విన్నారు. విని, “శ్రుతి ఎవరి గొంతుకు పెట్టినారు నాయనా?” అని అడిగారు.

వాడికి ఆ ప్రశ్న చాలింది. ఈ పాట బ్లేజ్ ఉన్నప్పుడు కట్టినది కాబట్టి మంద్రంలో ఆయనకు చక్కగా అమరింది తాతా, కానీ పాత పాటల్లో చాలావరకు బ్రూస్ గొంతుకు కట్టినవి, బృందం శ్రుతి దించలేదు, కచేరీల్లో ఈయన వాటిని అదే ఎత్తులో పాడవలసి వచ్చిందని తెలుగులోనే, మాటలు వెతుక్కుంటూ, చెప్పుకొచ్చాడు.

“అట్లయితే ఆ మనిషినేమనేది? మేము ఒకటో కృష్ణునికి నాలుగు శ్రుతి పెట్టినా, రెండో ఆయన రాగానే దించుతాము. దించకపోతే తప్పు హార్మోనియం పెట్టె ముందర కూర్చున్నోనిది” అన్నారు నాన్నగారు.

ఇందులో నాకు నాన్నగారి తీర్పే సబబనిపిస్తుంది. స్టీవ్ హ్యారిస్ బాస్ గిటార్ వాయిస్తూ, అధిక భాగం పాటలు తానే రాసి, బృందాన్ని నిలబెట్టిన మనిషి. ఆయన రచనకు ఒక్కొక్క గొంతు ఒక్కొక్క దారి తెరిచింది. బ్లేజ్ లేకపోతే ఆ నిదానం, ఆ చీకటి ఆ పాటల్లోకి వచ్చేవి కావు. మా తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. వేలమంది ముందు పాట పైకి లేవాలి, లేపగలిగినవాడే గాయకుడు, ఆ రాత్రి నేను నా చెవులతో విన్నాను అంటాడు. అదీ కొట్టిపారేయవలసిన మాట కాదు. దానికి అబ్బాయి జవాబు, రియోలో బ్రూస్ అంత గొప్పగా లేపిన పాటల్లో ‘ద క్లాన్స్‌మన్’ కూడా ఉంది మామా, అది 1998లో బ్లేజ్ పాడిన ఆల్బమ్‌లోది అని. తమ్ముడు బ్లేజ్ పాడినది తానింతవరకూ పూర్తిగా వినలేదన్నాడు. వెంటనే వినిపించమని నాన్నగారు అబ్బాయికి పురమాయించి, ఈసారి హార్మోనియం కూడా లోపలినుంచి తెప్పించారు.