నాన్న ఎర్ర అట్ట పుస్తకం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే ఎదురు గోడ మీద సిమెంటు కంపెనీ ప్రకటన ఇప్పటికీ కనిపిస్తుంది. రంగు సగం వెలిసిపోయింది. నాన్న సిమెంటు, ఇనుము కొట్టు మూతపడి ఏళ్లు గడిచాయి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ అరుగు మీదే, కాలిఫోర్నియాలో నేను చేస్తున్న పనేమిటో నాన్నకి మొదటిసారి పూర్తిగా చెప్పాను. అంతవరకూ "మా అమ్మాయి అక్కడ లెక్కలు రాస్తది" అని నలుగురికీ చెప్పుకునేవారు, అంతే.

నేను చేసేది ఇళ్లకి కలప, సిమెంటు, పైకప్పు షింగిల్స్ అమ్మే ఒక యార్డులో. అరువు ఖాతాలు నావి. కంట్రాక్టర్లు సరుకు పట్టుకెళ్తారు, నెలాఖరుకి బిల్లు వెళ్తుంది, వచ్చింది జమ వేస్తాను, రానిదాని కోసం వెంటపడతాను. నాన్న కూడా జీవితమంతా ఇదే చేశారు. ఆయన సైకిలు మీద తిరిగి అడిగేవారు, నేను ఫోన్లో అడుగుతాను.

2023లో ఒక రూఫింగు కంట్రాక్టరు నాలుగిళ్లకి సరుకు తీసుకున్నాడు. మూడింటికి కట్టాడు. నాలుగో ఇంటిది పంతొమ్మిది వేల డాలర్లు నిలిచిపోయింది. మొదట ఇంటివాళ్లు ఇవ్వలేదన్నాడు. తర్వాత ఫోనెత్తడం మానేశాడు.

అక్కడ సరుకిచ్చినవాడికి ఆ ఇంటి మీదే హక్కు ఉంటుంది. మెకానిక్స్ లీన్ అంటారు. కాలిఫోర్నియా రాజ్యాంగంలోనే రాసి ఉంది. అయితే అది తేదీల మీద నిలబడే హక్కు. సరుకు మొదట దింపిన 20 రోజుల్లోగా ఇంటి యజమానికి నోటీసు అందించాలి. పని పూర్తయ్యాక 90 రోజుల్లోగా కౌంటీ ఆఫీసులో లీన్ నమోదు చెయ్యాలి. పని పూర్తయిందని యజమాని ముందే నమోదు చేయిస్తే మాలాంటి సరుకువాళ్లకి మిగిలేది 30 రోజులే. లీన్ పెట్టిన 90 రోజుల్లో కోర్టుకెక్కకపోతే అదీ పోతుంది. నా టేబులు మీద క్యాలెండరు నిండా ఉండేవి ఈ తేదీలే.

లీన్ పెట్టాం. రెండు రోజులకి ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేసింది. "అమ్మా, మేం మొత్తం డబ్బు అతని చేతికిచ్చాం. బ్యాంకు చెక్కుల కాపీలు నా దగ్గరున్నాయి. మళ్లీ కట్టమంటారా?" గొంతు వణుకుతోంది. ఆవిడా, భర్తా రిటైరైనవాళ్లు. చట్ట ప్రకారం మేం చేసింది సరైనదే. అయినా తప్పు చేసినవాడు ఒకడైతే దెబ్బ ఆవిడ నడినెత్తిన పడుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా మేనేజరు దగ్గరికెళ్లి ఇంకో దారి లేదా అని అడిగాను. "ఉంది. లీన్ ఇంటి మీద, ఫిర్యాదు లైసెన్సు మీద. ఆ చెక్కుల కాపీలు తెప్పించు" అన్నారు.

కాలిఫోర్నియాలో కంట్రాక్టర్లకి లైసెన్సులిచ్చే బోర్డు ఒకటుంది, 1929 నుంచీ. వ్యాపార వృత్తుల చట్టంలో 7120 సెక్షను ఇలా చెప్తుంది: కట్టగల శక్తి ఉండి గానీ, ఆ పనికి సరిపడా డబ్బు అందుకుని గానీ, సరుకు బాకీ కావాలని ఎగ్గొడితే ఆ కంట్రాక్టరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. ఇక్కడ "కావాలని" అన్న మాటే కీలకం. అప్పుపడ్డ ప్రతివాడూ దోషి కాడు. అంతకు రెండేళ్ల ముందు ఇంకో కంట్రాక్టరుకి నిజంగానే ఇంటివాళ్లు డబ్బు ఎగవేశారు. అతని మీద మేం ఫిర్యాదు పెట్టలేదు, గడువిచ్చాం. అది సరైన పని అనే ఈనాటికీ నమ్ముతాను. కానీ ఇతని సంగతి వేరు. పెద్దావిడ చెక్కులు, మా డెలివరీ చీటీలు, బిల్లులు, వాటి మీద ఆ ఇంటి చిరునామా, అన్నీ తేదీల వరసలో పెడితే కథ దానంతటదే తేలింది. ఆ ఇంటి పనికి ఇచ్చిన డబ్బు తీసుకుని ఇంకెక్కడో వాడుకున్నాడు. ఆ కాగితాలతోనే బోర్డుకి ఫిర్యాదు పెట్టాం.

ఇంతవరకూ చెప్పేసరికి నాన్న చెయ్యెత్తారు.

"ఆగు తల్లీ. మన బిల్లు కట్టకపోతే ఆడి లైసెన్సు పోతాదా?"

"పోవచ్చు నాన్నా. కోర్టు తీర్పు వచ్చాక కూడా కట్టకపోతే సస్పెండు చేస్తారు. పైగా లైసెన్సు కావాలంటే ముందే బాండు, అంటే హామీ పత్రం, ఉండాలి. 2023 జనవరి నుంచి పాతికవేల డాలర్లు. అంతకుముందు పదిహేను వేలే."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మనసు ఎటు పోయిందో నాకు తెలుసు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సర్కారు పనులు చేసే ఒక సి క్లాసు కంట్రాక్టరు కొండ ఊళ్లో కల్వర్టు పనికి మా కొట్టునుంచి సిమెంటు, ఊసలు పట్టుకెళ్లాడు. దసరాకి మా ఇంట్లో భోంచేసిన మనిషి, నాన్న "కంట్రాక్టరు బాబు" అని పిలిచే మనిషి. ఎప్పుడడిగినా "బిల్లు అవ్వలేదు" అనేవాడు. పార్ట్ బిల్లు రెండు నెలల కిందటే పాసైందని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. నాన్న ఆ ఆఫీసుకెళ్లి మొరపెట్టుకుంటే "అది మీ ఇద్దరి మధ్య విషయం" అని పంపేశారట. ఆ మరుసటేడు అతనికే ఇంకో పని వచ్చింది. సిమెంటు కంపెనీకి మాత్రం నాన్నే కట్టాలి. పాతపట్నం వైపున్న ఎకరంన్నర అమ్మేసి కట్టారు, కొట్టు మూసేశారు. ఆ ఏడాది అమ్మ మా ముందు ఏడవలేదు. పెరట్లోకెళ్లి ఏడ్చేది, మాకు వినిపించేది.

వకీలు దగ్గరికి వెళ్లేసరికి మూడేళ్లు దాటిపోయాయి. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, గడువంటూ ఏమీ అనుకోకుండా సరుకిస్తే దింపిన రోజునుంచి మూడేళ్లలోపే దావా వెయ్యాలి. ఆలోగా బాకీదారు రాసి సంతకం పెట్టి ఒప్పుకుంటే అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు. ప్రతి దసరాకీ నోటిమాట ఇచ్చాడే తప్ప ఒక్క గీత రాయలేదు. రాయమనడానికి నాన్నకే మొహమాటం.

"తర్వాతేటైంది?" అన్నారు నాన్న.

బోర్డునుంచి విచారణాధికారి ఫోన్ చేశాక అతను సరుకు నాసిరకమన్నాడు. తిప్పిపంపిన చీటీ లేదు, రాసిన ఉత్తరం లేదు. ఆ మాట నిలవలేదు. చివరికి మూడు విడతల్లో కట్టేశాడు. లైసెన్సు పోలేదు. పోవాలని నేనూ కోరుకోలేదు, అతని దగ్గర ఆరుగురు పనివాళ్లున్నారు. ఆఖరి విడత జమైన రోజే లీన్ తీసేసి పెద్దావిడకి నేనే ఫోన్ చేశాను. ఆవిడ ఏమీ అనలేకపోయింది. నేనూ అంతే.

ఇప్పుడు తమ్ముడు అదే బజారులో చిన్న హార్డ్‌వేర్ కొట్టు నడుపుతున్నాడు. ఆ సాయంత్రం వాడూ వచ్చి కూర్చున్నాడు. "అక్కా, ఇక్కడ మనకేటుంది?" అన్నాడు. 45 రోజుల్లో డబ్బు ఇప్పించే 2006 చిన్న పరిశ్రమల చట్టం గురించి ముందే ఆడిటరుని అడిగాడట. కొనుక్కొచ్చి అమ్మే వ్యాపారికి 2021 నుంచి ఉద్యమ్ నమోదు (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఇస్తున్నా అది బ్యాంకు అప్పులవరకే, ఈ 45 రోజుల రక్షణ రాదు. అందుకే వాడిచేత ఒక కాగితం రాయించాను: "ఈ తేదీకి మీకు నేను ఇవ్వవలసిన బాకీ ఇంత." తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. ఏటా ఉగాదికి ప్రతి ఖాతాదారు చేతా సంతకం పెట్టించమన్నాను. నాన్న లోపలికెళ్లి కొట్టు నాటి అరువు ఖాతాల ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి, ఆ పాత కంట్రాక్టరు పేజీ తీసి వాడి ముందుంచారు. బాకీ అంకె కింద ఖాళీ.

ఉగాదికి తమ్ముడు ఫోటోలు పంపాడు. పద్నాలుగు ఖాతాల్లో పదమూడు సంతకాలు. ఒక్కడు మాత్రం "నా మీద నమ్మకం లేదా" అని కోపంగా వెళ్లిపోయాడట. అతని బాకీ ఎంతని నాన్న అడిగారట. అరవై రెండు వేలు. చలాన్లన్నీ తీసి తేదీల వరసలో పెట్టమని, సోమవారం వకీలు దగ్గరికి తానే వెళ్తానని అన్నారట.