ఈ నెల ఎన్ని వచ్చాయి?

నా వంతు వచ్చి కుర్చీలో కూర్చోగానే న్యూరాలజిస్ట్ గారు అడిగే మొదటి ప్రశ్న కొన్నేళ్లుగా ఒకటే. "చెప్పమ్మా, ఈ నెల ఎన్ని వచ్చాయి?" నేను రెండు అంటాను, ఆయన ఫైల్లో రెండు అని వేసుకుంటారు, మందులు అవే వాడమంటారు, అయిపోయింది. నాకు ఎపిలెప్సీ, అంటే మూర్ఛ జబ్బు. ఒకప్పుడు నెలకు ఐదారు ఫిట్స్ వచ్చేవి కాబట్టి ఆ ఫైలు లెక్కన నేను బాగుపడ్డ పేషెంట్‌ని. అలా బాగుపడ్డ రోజుల్లోనే ఒకసారి క్లాసులో పాఠం చెబుతూ "త్రిభుజం" అనే మాట ఎంతకీ నోటికి రాక, బోర్డు మీద బొమ్మ గీసి "ఇది, ఇదే" అని వేలితో చూపించాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వేశాను. లెక్కల టీచర్‌ని నేను.

ఫిట్స్ వల్ల మెదడు మొద్దుబారిపోతోంది కాబోలు అనుకున్నాను. అది మందు చేసే పని అని తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. నేను అప్పట్లో వాడుతున్నది టోపిరమేట్ అనే ఫిట్స్ మందు. మాట తట్టకపోవడం, ఆలోచన నెమ్మదించడం, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం దానితో రావచ్చని మందు డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితంలోనే ఉంటుంది, కానీ ఆ చీమల బారు అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంది? డాక్టర్ గారు అడగలేదు, నేను చెప్పలేదు. తెలిసిన రోజు కోపం పట్టలేక ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. నాలుగో రోజు ఒకే పూట వరసగా మూడు వచ్చాయి, మూడోదానికి మెట్ల దగ్గర పడ్డాను, పెదవి మీద కుట్ల గుర్తు ఇప్పటికీ ఉంది. ఈ మందులు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చని నాకు అప్పటికే తెలుసు. తెలిసే చేశాను, అదీ మన తెలివి.

పరిశోధనలు చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ "ఎన్ని వచ్చాయి" అనే లెక్కతో మా బతుకు ఎలా ఉందో తెలియదని ఈ రంగంలో వాళ్లకి ఎప్పటినుంచో తెలుసు.

అసలు ఆ లెక్కే తప్పుల తడక. జర్మనీలోని బాన్‌లో వీడియో ఈఈజీ వార్డులో (మనిషినీ, మెదడులోని కరెంటు అలల్నీ ఒకేసారి రికార్డు చేసే చోటు) ఉన్న పేషెంట్లను, వచ్చిన ప్రతి ఫిట్‌నీ రాసిపెట్టమన్నారు. తర్వాత రికార్డింగుతో పోల్చి చూస్తే సగానికి పైగా ఫిట్స్ వాళ్లు రాయనేలేదు, నిద్రలో వచ్చినవైతే నూటికి 86 దాకా పోయాయి. 2007 నాటి పేపరు అది. నాకైతే ఆశ్చర్యం వేయలేదు. "నిన్న సాయంత్రం మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయావే, పెదాలు చప్పరిస్తూ దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నావు, పిలిస్తే పలకలేదు" అని మా అక్క చెప్పేదాకా నాకు మాట మధ్యలో తెగిందన్న సంగతే తెలియదు. అంటే నేను డాక్టర్‌కి చెప్పే రెండు, అక్క ఇంట్లో ఉన్నప్పుడు వచ్చిన రెండు.

ఇక రెండో చిక్కు. కొత్త మందుల పరీక్షల్లో సాధారణంగా ఫిట్స్ సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గినవాళ్లందరినీ మందు పనిచేసినవాళ్ల ఖాతాలో వేస్తారు. ఎక్కడో ఒక గీత గీయాలి, సరే, ఒప్పుకుంటాను. కానీ 2002లో బర్‌బెక్, ఆమె తోటి పరిశోధకులు కలిసి ఇచ్చిన ఫలితం చూడండి: జీవన నాణ్యత స్కోరు గట్టిగా పెరిగింది ఫిట్స్ పూర్తిగా ఆగిపోయినవాళ్లకే, బాగా తగ్గినా ఇంకా వస్తూనే ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చదివి నేను పేపరు పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకంటే నెలకు ఒక్కటే వస్తుందనుకోండి, అది ఏ రోజో తెలియదు కదా, కాబట్టి ముప్పై రోజులూ దానికే రాసిచ్చేసినట్టే. బాత్రూం గడియ పెట్టుకోను. బండి నడపను. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలను. ఆరు వచ్చినప్పుడూ ఇంతే, రెండు వచ్చినప్పుడూ ఇంతే.

సున్నా అందరికీ వస్తే గొడవే లేదు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో క్వాన్, బ్రోడీ అనే డాక్టర్లు 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం, అంతకుముందు మందు వాడనివాళ్లలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి. రెండో మందుతో మరో 13 శాతం. మూడో మందు ఒక్కదానితో ఆగినవాళ్లు 1 శాతం, అంతే. అదే ఊరి నుంచి 2018లో 1,795 మంది మీద, ముప్పై ఏళ్ల రికార్డులతో ఇంకో పేపరు వచ్చింది. ఆ ముప్పై ఏళ్లలో డజనుకు పైగా కొత్త మందులు వచ్చినా ఏడాదిపాటు ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు దాదాపు 64 శాతమే. ముగ్గురిలో ఒకరు మిగిలిపోతూనే ఉన్నారు, ఆ ఒకరిలో నేనూ ఒకదాన్ని. (ఆపరేషన్ గురించి అడుగుతారని తెలుసు. రెండు మందులు సరిగ్గా వాడినా ఆగకపోతే ఆపరేషన్‌కి పనికొస్తారేమో చూడాలి, అది నిజం. నాకు మెదడు రెండు వైపుల నుంచీ మొదలవుతున్నాయి, కుదరదన్నారు.)

మరి కొత్త మందులతో ఒరిగిందేమీ లేదా అంటే, ఉంది. ఏ బాధ భరించగలమో ఎంచుకునే వీలు వచ్చింది. వాల్‌ప్రోయేట్ అనే పాత మందు సంగతే తీసుకోండి, మెదడంతా ఒకేసారి మొదలయ్యే రకం ఫిట్స్‌కి అంత బాగా పనిచేసే మందు ఇప్పటికీ దొరకలేదు. కానీ గర్భంతో ఉండి వాడితే పుట్టే పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి అవకరాలు, ముప్పై నలభై మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. ఫిట్స్ లెక్క ఒక్కటే చూస్తే అది మంచి మందే.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2004లో బాయ్లన్ బృందం రాసింది. మందులకు లొంగని ఎపిలెప్సీ ఉన్నవాళ్లలో జీవన నాణ్యత ఎలా ఉంటుందో ఫిట్స్ ఎన్ని వస్తున్నాయన్నదాన్ని బట్టి చెప్పలేకపోయారు, డిప్రెషన్‌ని బట్టి చెప్పగలిగారు. ఇన్నేళ్లలో నన్ను "మనసెలా ఉంది" అని అడిగింది ఒక్క నర్సు, అదీ బీపీ చూస్తూ.

అడగడానికి సాధనాలు లేక కాదు. క్వాలీ-31 అని ఒక ప్రశ్నావళి 1990లలోనే వచ్చింది, ముప్పై ఒక్క ప్రశ్నలు: మళ్లీ వస్తుందన్న భయం ఎంత, నలుగురిలో పడిపోతే సిగ్గు ఎంత, జ్ఞాపకం ఎలా ఉంది, ఓపిక ఉందా, మందు ఏం చేస్తోంది. ఇంకొకటి లివర్‌పూల్‌లో తయారైంది, సైడ్ ఎఫెక్ట్స్ కోసం, పంతొమ్మిది వరసలు, ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు, బాధ ఎక్కువైతే మార్కు ఎక్కువ. గిలియం అనే డాక్టర్ 2004లో ఈ రెండోదాంతో ఒక పరీక్ష చేశారు. సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువున్న పేషెంట్లందరితో కాగితం నింపించి, సగం మందివి మాత్రమే వాళ్ల డాక్టర్లకు చూపించారు. చూసిన డాక్టర్లు మందులు, డోసులు ఎక్కువగా మార్చారు, వాళ్ల పేషెంట్ల బాధలు బాగా తగ్గాయి. ఒక్క కాగితం అండీ. వెయిటింగ్ హాల్లో కూర్చునే గంటన్నరలో ఐదు నిమిషాల పని.

ఆ పంతొమ్మిది వరసలూ నేను చేత్తో గీసుకుని, నింపి తీసుకెళ్లాను. "ఎన్ని వచ్చాయి" అన్నారు. రెండు సార్, ఇది కూడా ఒకసారి చూడండి అన్నాను, కొంచెం బెరుకుగానే. ఆయన చూశారు. "ఏకాగ్రత" దగ్గర నాలుగు, "జ్ఞాపకం" దగ్గర నాలుగు. "ఇంత ఇబ్బంది ఉంటే ముందే చెప్పొద్దామ్మా" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా ఆయన్ని అనడానికి లేదు, బయట ఇంకా అరవై మంది ఉన్నారు.

టోపిరమేట్ బదులు లామోట్రిజిన్ అనే ఇంకో మందు రాశారు. మార్పు నెమ్మదిగా జరిగింది. లామోట్రిజిన్ గబగబా పెంచితే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు, అందుకని 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండేసి వారాలకు ఒక మెట్టు ఎక్కిస్తూ, ఇంకోపక్క టోపిరమేట్ దింపుతూ మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ అక్క నా గదిలోనే పడుకుంది. ఫిట్స్ ఇప్పుడూ నెలకు రెండే, ఫైల్లో ఆ గడిలో అంకె మారలేదు. పోయిన వారం క్లాసులో సమద్విబాహు త్రిభుజం అని ఒక్క గుక్కలో అనేసి, అవసరం లేకపోయినా ఇంకోసారి కూడా అన్నాను.

నిద్ర మాత్రం పాడైంది, లామోట్రిజిన్‌తో అది కొందరికి ఉంటుందట. రాత్రి రెండింటికి కళ్లు తెరుచుకుంటాయి, నిద్ర చాలకపోతే ఫిట్స్ వస్తాయన్న టెన్షన్‌తో ఇంక పట్టదు. కాగితంలో నిద్ర వరసలో ఇదివరకు ఒకటి వేసేదాన్ని, ఈసారి మూడు వేశాను. కాగితం బ్యాగులో పెట్టుకున్నాను, అపాయింట్‌మెంట్ గురువారం.